నీళ్ళతొట్టి పక్క చోటు

మోకాలు మళ్ళీ కలుక్కుమంది. కుడిది. ఎడమ మోకాలు కాస్త మర్యాద తెలిసినది, ఇంట్లో మంచం మీద ఒంటరిగా ఉన్నప్పుడే సలుపుతుంది. ఈ కుడిది నలుగురిలో పరువు తియ్యనిదే ఊరుకోదు. అయినా దువాన్ ఆగలేదు. ఆగితే చాలు, వెనక వచ్చే పిల్లమూక అంతా అత్తా కూర్చో, అత్తా నీళ్ళు తాగు, అత్తా విసరమంటావా అని చుట్టూ చేరుతుంది, ఆ మర్యాద భరించడం మోకాలి నొప్పి కంటే కష్టం. వాన వెలిసి ఎంతోసేపు కాలేదు, ఘాట్ రోడ్డు మీద నీళ్ళు సన్నగా పారుతున్నాయి, నేత లంగా అంచు తడిసి చీలమండలకి చుట్టుకుంటోంది. ముందు మగపిల్లలు డోలు మోసుకుంటూ కొట్టుకుంటూ పోతున్నారు, వెనక ఇంజనీరింగ్ వాళ్ళు కొండ దద్దరిల్లేలా అరుస్తున్నారు. యూనివర్సిటీలో చేరినవాళ్ళు మొదటి ఏడు వానాకాలంలో ఒకసారి కొండమీది గుడిదాకా నడిచి తీరాలి, బస్సులున్నా సరే, కాళ్ళు బొబ్బలెక్కినా సరే. దువాన్ కూడా మొదటి ఏడు విద్యార్థినే. కాకపోతే మిగతావాళ్ళకి పద్దెనిమిదేళ్ళు, ఆమెకి నలభై ఆరు.

"అత్తా, బామ్ రాయనా? నా సీనియర్ ఇచ్చింది," అంది పక్కనే నడుస్తున్న ఇమ్. క్లాసులో దువాన్ పక్క కుర్చీ ఈ పిల్లదే. ఇమ్ అంటే వాళ్ళ భాషలో కడుపు నిండినది అని. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు, పిల్ల నోరు ఖాళీగా ఉండగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు కూడా బుగ్గలో ఏదో ఉంది, బహుశా చింతపండు బిళ్ళ. "వద్దులేవే, పైకి వెళ్ళాక చూద్దాం," అంది దువాన్. నడుస్తూనే అనుకుంది, బామ్ డబ్బా ఇచ్చే సీనియర్ ఎవరబ్బా, పద్దెనిమిదేళ్ళ పిల్లకి బామ్ ఏమిటి, జలుబు చేసిందనుకున్నారేమో పాపం. ఈ కాలం పిల్లలు నయం, ఒకళ్ళ గురించి ఒకళ్ళు ఆలోచిస్తారు.

సీనియర్. ఆ మాట వద్దు వద్దనుకుంటూనే కొండ కింద నుంచి మోసుకొస్తోంది. పైన గుడి మెట్ల కింద ఖాళీ స్థలంలో సీనియర్లు తెల్లదారాలు పట్టుకుని నిలబడి ఉంటారు. రోల్ నంబరు చివరి అంకెలు ఎవరివి కలిస్తే వాళ్ళది ఒక వరస, ఇంటి పేరు లాంటిదే అనుకోవచ్చు, రెండో ఏడువాళ్ళు మొదటి ఏడువాళ్ళకి అక్కో అన్నో అవుతారు, కాలేజీలో ఉన్నంతకాలం పుస్తకాలూ తిండీ తిట్లూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే వెంటనే చెప్పరు. నెల పైచిలుకు దొంగచాటుగా ఏవో కానుకలు పెడతారు, ఆనవాళ్ళు వదులుతారు, ఎవరా అని చిన్నవాళ్ళని ఊరిస్తారు, చివరికి ఈ కొండమీద ఎదురుగా వచ్చి నిలబడి మణికట్టుకి దారం కడతారు. క్లాసులో అందరి కుర్చీల మీదా ఏదో ఒకటి కనబడేది. ఇమ్‌కి అయితే రెండు కుర్చీల నిండా, తన కుర్చీ చాలక దువాన్ కుర్చీ మీద కూడా, పాలపొట్లాలు, ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు, పెద్ద గులాబీ రంగు జడక్లిప్పు ఒకటి, కొన్నిటి మీద నక్షత్రం బొమ్మ, కొన్నిటి మీద పెన్నుతో గీసిన చేప బొమ్మ. "నాకు ఇద్దరు సీనియర్లు ఉన్నట్టున్నారత్తా" అని మురిసిపోయేది ఇమ్. "ఉంటే ఉండనీ, తిను" అని దువాన్ తనే అందించేది. దువాన్‌కి మాత్రం ఏమీ రాలేదు. రాదని ఆమెకి ముందే తెలుసు. తెలిసినదానికి బాధేముంటుంది. ఏ ఇరవై ఏళ్ళ పిల్లో పిల్లాడో తన వరసలో కింద ఎవరున్నారా అని చూసి ఉంటారు, అమ్మ వయసున్న కథోయ్, మగపుట్టుక పుట్టి ఆడదానిలా బతికే మనిషి, అందులోనూ వెనక గేటు దగ్గర బ్యూటీ పార్లర్ ఆవిడ, యూనివర్సిటీలో సగం మంది కనుబొమలు ఆవిడ చేతిమీదుగానే సన్నబడ్డాయి, ఆమెని చెల్లీ అని పిలవాలా, చచ్చాను అనుకుని ఉంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు. దువాన్ ఆ పిల్లదో పిల్లాడిదో స్థానంలో ఉన్నా అదే అనుకునేది.

లేదు, అనుకునేది కాదు. అబద్ధాలు చెప్పుకునే వయసు దాటిపోయింది. అందరూ వద్దన్నవాళ్ళకి కూడా దారం కట్టిన చెయ్యి ఇది, ఎవరినీ వద్దనలేదు ఎప్పుడూ.

మొదటిసారి, పద్దెనిమిదేళ్ళప్పుడు ఇదే కాలేజీలో చేరి ఎక్కినప్పుడు కూడా ఇలాగే వాన వెలిసింది. లంగా కాదు అప్పుడు, నీలిమందు రంగు మగ చొక్కా, నడుముకి ఎర్ర గుడ్డ, భుజం మీద డోలు కర్ర. ముందు వైపు కర్ర దువాన్ మోసింది, వెనక వైపు ఎవడో అటవీశాస్త్రం చదివే కుర్రాడు, దిట్టంగా ఉండేవాడు, బరువంతా తనే లాక్కుని ఈమెకి తేలిగ్గా వదిలేశాడు, దువాన్ వాడి పేరు కూడా అడగలేదు. డోలు ముందు అమ్మాయిలు గోళ్ళ నాట్యం చేస్తూ నడిచేవారు, వేళ్ళకి పొడుగాటి ఇత్తడి గోళ్ళు, నెమ్మదిగా తిరిగే చేతులు. ఆ చేతులు తిప్పడం ఆ అమ్మాయిలకి నేర్పింది దువాన్, పార్లర్ వెనక గదిలో, రెండు వారాలపాటు. మణికట్టు ఇలా విరవాలి తల్లీ, కూరలో గరిటె తిప్పినట్టు కాదు. నేర్పినవాళ్ళు వెనక డోలు మోస్తారు, నేర్చుకున్నవాళ్ళు ముందు ఆడతారు, ఎందుకంటే కాలేజీవాళ్ళ దగ్గరున్న కాగితాల్లో దువాన్ మగవాడు. మూడో వరసలో ఒక పిల్ల దారి పొడుగునా ఎడమ చెయ్యి తప్పుగా తిప్పుతూనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆ తప్పు చెయ్యి కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. వెళ్ళి సరిచెయ్యాలని ప్రాణం కొట్టుకుపోయింది, భుజం మీద కర్ర ఉంది.

అప్పటి సీనియర్ పేరు ప్రవిత్. ఇంగ్లీషు చదివేవాడు, అందగాడు, గిటారు వాయించేవాడు, రోల్ నంబరు కలిసిందని తెలియగానే దువాన్ రెండు రాత్రులు నిద్రపోలేదు. పైకి ఎక్కాక అందరి సీనియర్లూ వచ్చారు. పేర్లు పిలుచుకున్నారు, కౌగిలించుకున్నారు, ఏడ్చారు, దారాలు కట్టారు. గుంపు పలచబడింది. దువాన్ మణికట్టు చాచి పెట్టుకునే నిలబడింది, ఎంతసేపు అంటే, చెయ్యి దించితే అందరికీ తెలిసిపోతుందని భయపడేంతసేపు. చివరికి దించింది. నీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ గోడ పక్కనున్న సిమెంటు నీళ్ళతొట్టి దగ్గరికి పోయి నిలబడింది. ఎన్ని గ్లాసులు తాగిందో. మర్నాడు బజారులో ప్రవిత్ కనబడ్డాడు, నూడుల్సు తింటున్నాడు, ఈమెని చూసి కాలు పట్టుకుని "నిన్న కాలు బెణికిందిరా, ఎక్కలేకపోయాను" అన్నాడు. ఏ కాలు పట్టుకోవాలో తోచక రెండూ పట్టుకున్నాడు పాపం. వాడి మీద కోపం కూడా రాలేదు, నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఇంటికి వెళ్ళాక ఏడుపైంది.

బువాఖమ్ అమ్మ మాత్రం ఏడవనివ్వలేదు. పార్లర్ ఆవిడదే అప్పుడు, దువాన్ ఉండేదీ ఆవిడ దగ్గరే. ఆవిడా కథోయే, పాతకాలం కథోయ్, జాతరల్లో నాట్యమాడి డబ్బు కూడబెట్టి కొట్టు పెట్టింది, నోరు విప్పితే పక్క వీధి తలుపులు మూసుకునేది. "నువ్వు కట్టమ్మా నాకు దారం," అంటే "నేనెందుకు కడతానే, నేను బడి మొహం చూశానా? కాలేజీ దారం కాలేజీవాళ్ళే కట్టాలి. రా, తల దువ్వుతాను" అంది. తల దువ్వింది. గట్టిగా, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా, ఆ నీళ్ళు దువ్వెన వల్లనే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మూడో ఏడు పరీక్ష హాలు గుమ్మం దగ్గర, ప్యాంటు వేసుకొస్తేనే లోపలికి అన్నాడు కాపలా సారు. దువాన్ వేసుకున్నది కాలేజీ అమ్మాయిల నల్లలంగా, ఇస్త్రీ చేసినది. ఆ ఏడే, మనలాంటివాళ్ళని పంతుళ్ళ చదువులకి రానివ్వకూడదన్న మాట పేపర్లలో నలుగుతోంది. దువాన్ వాదించలేదు. పెన్సిలు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, వెనక గేటుదాకా నడిచి, పార్లర్‌లోకి వచ్చి, కుర్చీలో ఉన్న ఆవిడకి జడ వెయ్యడం మొదలుపెట్టింది. అంతే, పాతికేళ్ళు దాటిపోయాయి. బువాఖమ్ అమ్మ పోయింది, కొట్టు ఈమెకి మిగిలింది.

"అత్తా, ఆ మలుపు కనబడుతోందే, అక్కడి నుంచి పరుగే," అంది ఇమ్, చింతపండు గింజ లోయలోకి ఉమ్మి. తెలుసు. ఈ కొండ దారి గురించి ఆమెకి చెబుతోంది ఈ పిల్ల. చివరి మలుపు నిటారుగా ఉంటుంది, అక్కడ ఎవరూ నడవకూడదు, ఎవరూ ఆగకూడదు, విభాగమంతా చేతులు పట్టుకుని ఒక్క ఊపున పరిగెత్తాలి. ఎవరి చెయ్యి వదిలినా మొత్తం విభాగానికి పరువు తక్కువ. ఎన్నిసార్లు చూసిందో ఆ పరుగుని, రోడ్డు పక్కన గొడుగు వేసుకుని నిలబడి.

ఎందుకంటే ప్రతి ఏడూ వచ్చేది. కాలేజీ వదిలేసినా కొండని వదల్లేదు. రెండో ఏడు విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలైంది అది. తన వరసలో కింద చేరిన పిల్ల తన కన్నా ముందే వేరే సీనియర్ని వెతుక్కుని చక్కగా తప్పుకుంది. అప్పుడు దువాన్ పార్లర్‌లో ముఖం మీది నూగు తీసే తెల్ల నూలుబంతి సంచిలో వేసుకుని బస్సెక్కి కొండమీదికి వచ్చి, నీళ్ళతొట్టి పక్కన నిలబడింది. ఊరికే. ఎవరైనా మిగులుతారేమో అని. చోమ్ మిగిలాడు. ఫార్మసీ కుర్రాడు, కంటికి కాటుక పెట్టుకుని కొండెక్కిన మొండిఘటం, కాటుక అంతా చెంపల మీదికి దిగిపోయింది. "ఎవరూ రాలేదా? చెయ్యి చాచు," అంది దువాన్. "నువ్వు ఫార్మసీ కాదుగా?" అన్నాడు ఏడుస్తూనే, ఏడుపులోనూ పద్ధతి తప్పని మనిషి. "కాదు. నేను మిగిలినదాన్ని. నువ్వూ మిగిలావు. మనది ఒక వరస." అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. ఆ తర్వాత ఏడు ఇద్దరు మిగిలారు. ఆ పై ఏడు ఐదుగురు. అందరూ కథోయ్‌లే కాదు, మగక్రాపు పెట్టుకుని మగ చొక్కా వేసుకున్న ఆడపిల్ల ఒకతె, టామ్ అంటారు అలాంటివాళ్ళని, ఆ టామ్ చెయ్యి వదలని ఒక పిల్ల, కాలు ఈడుస్తూ ఎక్కిన ఒక కుర్రాడు, కొండజాతి పిల్ల ఒకతె, మాట యాసగా ఉంటుందని సీనియర్ మొహం చాటేసింది. దారం కట్టేముందు చేతి మీద దారంతో బయటికి ఒకసారి తుడిచినట్టు రాయాలి, చెడు పోనీ అని, లోపలికి ఒకసారి రాయాలి, మంచి ఉండనీ అని, అప్పుడు ముడి. కుదురుగా నిలబడు, అరచెయ్యి పైకి, రెండో చెయ్యి నుదుటి దగ్గర, అమ్మా అలా కాదు, బిచ్చం అడిగినట్టు కాదు. ఎందరికి చెప్పిందో. తర్వాత గుళ్ళో పెద్ద సన్యాసి దగ్గర ఆ నూలుబంతిని మంత్రింపజేసి కూడా తెచ్చుకుంది, ఆయన ఎందుకని అడగలేదు, అడగనివాళ్ళంటే దువాన్‌కి మొదటి నుంచీ గౌరవం.

చోమ్ నాలుగో ఏడు దాటలేదు. ఆ జబ్బు రోజులు అవి, ఊళ్ళలో వీధికి ఒక ఇల్లు అన్నట్టుండేది, పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు, ఊపిరితిత్తులు అనేవారు, రక్తం తక్కువ అనేవారు. చోమ్ వాళ్ళ ఊరు వెళ్తే శవం దగ్గర నలుగురు కూడా లేరు. వంటలు వండి పెట్టి ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు, ఆ ఇంటి నీళ్ళు తాగడానికే జంకుతున్నారు. చోమ్ చేతికి దారం ఉంది, నల్లబడి, పీచై, ఉందా లేదా అన్నట్టు. వాళ్ళమ్మ అడిగింది, "ఎవరు కట్టారమ్మా ఇది? తీసెయ్యనివ్వలేదు ఆసుపత్రిలో కూడా." దువాన్ గ్లాసుతో నీళ్ళు అడిగింది. తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. వాళ్ళమ్మ నీళ్ళు పోస్తూ పోస్తూ అర్థం చేసుకుంది. అన్నం కూడా పెట్టింది, పులుసు కూర, ఉప్పు ఎక్కువైంది, దువాన్ పళ్ళెం ఖాళీ చేసింది.

తర్వాత తర్వాత తగ్గారు. జబ్బూ తగ్గింది, మిగిలేవాళ్ళూ తగ్గారు. గోళ్ళ నాట్యం ముందు వరసలోకి కథోయ్‌లు వచ్చారు, ఒక ఏడు ముందు నడిచిన నాట్యకత్తె కథోయే, పత్రికలో ఫోటో కూడా పడింది, దువాన్ దాన్ని పార్లర్ అద్దానికి అంటించింది. యూనిఫారం ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చన్నారు. నిరుడు నీళ్ళతొట్టి దగ్గర సాయంత్రందాకా నిలబడితే ఒక్కరూ రాలేదు. ఒక్కరు కూడా. సంతోషించాలి కదా. సంతోషించింది. సంచిలో నూలుబంతి అలాగే బరువుగా ఉంది, బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంతోషిస్తూనే ఏడ్చింది, కండక్టరు ఏమైందమ్మా అంటే కొండగాలి అంది. ఇంక తనతో ఎవరికీ పని లేదు. మంచిదే. ఆ మంచిదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వారంలోనే కనుబొమలు తీయించుకోవడానికి వచ్చిన పిల్ల ఒకతె, "పెద్దవాళ్ళు కూడా చేరొచ్చత్తా ఇప్పుడు, మా క్లాసులో ఒక తాత ఉన్నాడు" అంది. దువాన్ ఆ పిల్ల కనుబొమ సగంలో వదిలేసి, నిజంగానా అంది.

అలా వచ్చింది ఇక్కడిదాకా. డిగ్రీ కోసమే అని చెప్పింది అందరికీ. కొట్టు గోడ మీద ఫ్రేము కట్టి పెడతానంది. ఈ మోకాలికి తెలుసు, డిగ్రీ కోసం కాదని. దారం కోసం. నలభై ఆరేళ్ళొచ్చి, ఇంత లోకం చూసి, ఇంతమందికి కట్టి, ఒక మూరెడు దారం కోసం కొండెక్కుతున్న సిగ్గులేని ముండని అని తనని తాను తిట్టుకుంది, తిట్టు కాస్త ముద్దుగానే వచ్చింది.

మలుపు వచ్చేసింది. డోలు ఆగింది. "చేతులు!" అని ఎవరో అరిచారు. ఇమ్ చెయ్యి ఇటు నుంచి దొరికింది, జిగురు జిగురుగా, అటు నుంచి ఎవరో కళ్ళద్దాల పిల్లాడి చెయ్యి, మంచుగడ్డ. "అత్తా, వదిలేస్తే చంపేస్తా," అంది ఇమ్. పరుగు. మొదటి నాలుగు అడుగులు మోకాలు వద్దంది, ఆ తర్వాత దాని మాట వినేవాళ్ళు లేరు, రెండు వందల మంది లాగుతుంటే ఎవరి మోకాలు వాళ్ళది కాదు, లంగా అంచు పైకి దోపారు ఎవరో, కొప్పు ఊడింది, ఊపిరి ఎక్కడో మలుపు కిందే ఉండిపోయింది, ఎడమ పక్క లోయ, కుడి పక్క రాళ్ళమీద నీళ్ళు, రోడ్డు పక్కన గొడుగు కింద తను నిలబడే చోటు వెనక్కి వెళ్ళిపోయింది, దానివైపు చూసే తీరిక కూడా లేదు, అరుస్తోంది, తనే అరుస్తోంది, ఇరవై ఎనిమిదేళ్ళ కిందట డోలు కింద నోరు మూసుకుని పరిగెత్తింది కదా ఇక్కడ, గొంతు విప్పితే మగ గొంతు వినబడుతుందని. ఇప్పుడు బొంగురో మగో ఆడో, కొండంతా వినబడింది. చెయ్యి వదల్లేదు. ఎవరూ వదల్లేదు.

పైన మబ్బు నేలమీదే ఉంది. సీనియర్లు తెల్లదారాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు, ఆ తర్వాత గోల. ఇమ్ దగ్గరికి పొడుగాటి అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది, బొద్దు బుగ్గలు రెండూ పట్టుకుని ఊపింది. "నక్షత్రం నేనేనే తిండిపోతా!" ఇమ్ తినే పాకెట్ల మీద నక్షత్రం బొమ్మ ఉండేది నిజమే. చేప బొమ్మలవాళ్ళు ఎవరో ఇంకా రాలేదు కాబోలు. కళ్ళద్దాల పిల్లాడికి ఒకడు వచ్చాడు. అటు ఇద్దరు ఏడుస్తున్నారు. ముందు వరసలో నాట్యమాడిన కథోయ్ పిల్లకి ముగ్గురు సీనియర్లు పోటీపడి కడుతున్నారు, ఇత్తడి గోళ్ళు తియ్యకుండానే. దువాన్ మణికట్టు చాచలేదు. ఈసారి ఆ తప్పు చెయ్యదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దృశ్యం చూడటానికే వచ్చినదానిలా నిలబడింది. గుంపు పలచబడింది. పలచబడటం ఆమెకి బాగా తెలుసు, ముందు మధ్యలో ఖాళీ అవుతుంది, ఆ తర్వాత అంచులు. "అత్తా, నీ సీనియర్ ఏరీ?" అని ఇమ్ దూరం నుంచి అరిచింది. "వస్తారులే, నువ్వు మెట్లెక్కు," అంది. గొంతు బాగానే ఉంది. లోపల మాత్రం పద్దెనిమిదేళ్ళది ఒకతె నీలిచొక్కా వేసుకుని చెయ్యి చాచుకుని నిలబడే ఉంది, దాన్ని ఎంత లాగినా రావడం లేదు. బాధగానే ఉంది. తెలిసినదానికి బాధుండదన్నది ఎవరో గానీ, తనే, అబద్ధం చెప్పింది.

అలవాటు పడిన కాళ్ళు నీళ్ళతొట్టి వైపే నడిచాయి. అక్కడ ఒక పిల్ల నిలబడి ఉంది, గోడవైపు తిరిగి. పిడికెడంత మనిషి, పొట్టి క్రాపు, నీలిమందు రంగు మగ చొక్కా, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచింది. నీళ్ళు తాగుతోంది. గ్లాసు మీద గ్లాసు. ఆ తాగడం ఏ తాగడమో దువాన్‌కి చెప్పనక్కర్లేదు. మనసులోదంతా అక్కడికక్కడ పక్కకి పోయింది, చెయ్యి సంచిలోకి వెళ్ళి నూలుబంతిని పట్టుకుంది, తీసుకురాకూడదు అనుకుంటూనే తీసుకొచ్చిన నూలుబంతి.

"ఎవరూ రాలేదా అమ్మా నీకు? ఇలా రా, చెయ్యి చాచు."

పిల్ల వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దువాన్‌ని చూడగానే మొహం ఇంకా ముడుచుకుంది. "నాకెవరూ రానక్కర్లేదు. నేను రెండో ఏడు."

"మరి ఇక్కడున్నావేం? ఇక్కడ నిలబడేది..."

"మిగిలిపోయినవాళ్ళు. తెలుసు. అందరికీ తెలుసు, కాలేజీలో ఎవరినడిగినా చెబుతారు, ఎవరూ దొరక్కపోతే నీళ్ళతొట్టి దగ్గర నిలబడాలని. నా జూనియర్ నన్ను వద్దంది. అందుకని నిలబడ్డాను."

"ఎవరా పొగరుబోతు?" అంది దువాన్, నిజంగానే ఒళ్ళు మండి. "ఏ క్లాసు? చెప్పు, నేను అడుగుతాను. సీనియర్‌ని వద్దనడం ఎక్కడైనా ఉందా?"

"మీరే."

మబ్బులోంచి గుడి గంటలు వినబడుతున్నాయి, ఎవరో అన్నీ వరసగా మోగించుకుంటూ పోతున్నారు.

"నెలరోజులు పెట్టాను మీ కుర్చీలో," పిల్ల ఇంక ఆగలేదు. "పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పెట్టాను. వెనక తలుపు దగ్గర నిలబడి చూశాను. ప్రతి ఒక్కటీ తీసి ఆ లావుపిల్లకి ఇచ్చేవారు, ఒక్కసారి, ఒక్కసారైనా విప్పి చూడలేదు. పాలు ఇచ్చేశారు. మామిడి ముక్కలు ఇచ్చేశారు. క్లిప్పు ఎంత వెతికానో తెలుసా, మీ కొప్పుకి పట్టేది? అదీ ఇచ్చేశారు. మోకాలి నొప్పని బామ్ పెట్టాను. బామ్ కూడా! ఆ పిల్లకి ఏం మోకాలి నొప్పండీ? నేను టామ్‌నని మీకు తెలిసిపోయింది, పరువు తక్కువనుకున్నారు, లేకపోతే చిన్నపిల్లని అక్కా అనడం నామోషీ అనుకున్నారు. ఇవాళ రావద్దనే అనుకున్నాను. వచ్చాను గానీ మీ ముందుకి రాబుద్ధి కాలేదు."

చేప బొమ్మ. "నీ పేరేంటి తల్లీ?" అంది దువాన్ నెమ్మదిగా.

"ప్లావాన్."

ప్లావాన్ అంటే తిమింగలం. చేప కాదు అది. నెలరోజులు కళ్ళెదుట తోక ఆడించింది తిమింగలం, తను చూసింది, చూసి పక్కవాళ్ళకి పెట్టింది. ఎవరైనా తనకోసం ఏదైనా పెడతారన్న ఊహే లేదు ఈ బుర్రలో, పెట్టడం ఒక్కటే తెలుసు దానికి. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ముందు భయం వేసింది, ఎందుకంటే ఈ పిల్ల ఇంకో నాలుగు గ్లాసులు తాగి కొండ దిగిపోయి ఉంటే తను ప్రవిత్ అయి ఉండేది. కాలు కూడా పట్టుకునేది కాదు, అసలు తెలిసేదే కాదు.

"నావి కావనుకున్నానమ్మా," అంది. "ఒట్టు. నాకెవరూ పెట్టరనుకున్నాను. నిన్ను వద్దనడం కాదు, నన్నే ఎవరికీ అక్కర్లేదనుకున్నాను."

ప్లావాన్ ముక్కు చీదింది. చాలాసేపు చూసింది ఈమె మొహంలోకి, అబద్ధం ఎక్కడైనా దాక్కుందేమో అన్నట్టు. "ఎంత తెలివితక్కువ మనిషండీ మీరు," అంది చివరికి. ఆ తిట్టు దువాన్ గుండెకి చల్లగా తగిలింది. "నా దారం కోపంలో లోయలో పారేశాను. మీ బంతి ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. ప్లావాన్ మూరెడు కొలిచి పంటితో కొరికింది. "చెయ్యి." దువాన్ చెయ్యి చాచింది, చాచిన చెయ్యి ఊరుకోలేదు, దారం కొస కనబడగానే వేళ్ళు వాటంతటవే వెళ్ళి పట్టుకుని పిల్ల మణికట్టు వెతకబోయాయి. ప్లావాన్ ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "అలా కాదు. అరచెయ్యి పైకి. రెండోది నుదుటి దగ్గర. ఎవరూ నేర్పలేదా?"

"లేదు," అంది దువాన్.

బయటికి ఒకసారి రాసింది, చెడు పోనీ. లోపలికి రాసింది, మంచి ఉండనీ. ముడి వేసింది, మొదటిది సరిగానే వేసింది, రెండోది అటుది ఇటు తిప్పింది, తప్పు ముడి. అలా వేస్తే వారం తిరక్కుండా జారిపోతుంది. దువాన్ కంటికి అది మూడో వరస పిల్ల ఎడమ చెయ్యిలా కొట్టొచ్చినట్టు కనబడింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. మింగేసింది.

"రూలంటే రూలే," అంది ప్లావాన్, కళ్ళు తుడుచుకుని, కాస్త పెద్దరికం తెచ్చుకుని. "ఇప్పట్నించి నువ్వు అంటాను. పాలు పెడితే తాగాలి. ఎవరికీ ఇవ్వకూడదు."

"అలాగే అక్కా," అంది దువాన్.

మెట్లవైపు నడిచారు ఇద్దరూ, పిల్ల ముందు, ఈమె వెనక. మోకాలు మళ్ళీ కలుక్కుమంది. దువాన్ ఎడమ చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని నడిచింది, ముడి జారిపోకుండా.